ప్రత్తికి కొత్త పంచాంగము: ఒక విమర్శ

కలకడ ప్రాంతము ప్రత్తి దేశము కాదు. ఇక్కడి నేలలు చాలవరకు ఎర్ర గరపనేలలు. వేరుసెనగ, టమాటా, చెరువుల క్రింద వరి, మదనపల్లె పుంగనూరు వైపున మల్బరీ - ఇవి మా పైరులు. ఇటువంటి చోట కూర్చుండి ప్రత్తి సేద్యమును విమర్శింపబూనుట ఏమి న్యాయమని పాఠకులు అడుగవచ్చును. కర్నూలు నుండి చిత్తూరు పోవు జాతీయ రహదారి కలకడ మీదుగా పోవుచున్నది. ఆ దారినే ఉత్తరముగా సాగినచో రాయచోటి, కడప దాటిన పిదప నంద్యాల వచ్చును. అక్కడి వ్యవసాయ పరిశోధన కేంద్రము 1906లో వెలసినది. ప్రత్తి అచ్చటి ముఖ్య విషయములలో నొకటి. అయినను దారి ఒకటే అగుట చాలినంత కారణము కాదు. ప్రత్తిని గురించి నేడు చెప్పబడుచున్న మాటలను మా వేరుసెనగ రైతులు లోగడ ఒకసారి విని యున్నారు. విని, అనుభవించి యున్నారు. ఆ అనుభవమే ఈ విమర్శకు కొలబద్ద.

తిండివనములో ఎన్నిక చేయబడి 1940లో విడుదలయిన టి.ఎం.వి. 2 అను వేరుసెనగ రకము రాయలసీమ మెట్టలలో దశాబ్దముల తరబడి నిలిచినది. అది గుత్తిరకము, నూటఐదు దినములకు కొంచెము అటునిటుగా కోతకు వచ్చును. తీగరకములు ఎక్కువ కాలము నేలలో నుండి చివరి బెట్టకు చిక్కును. గుత్తిరకము త్వరగా పండి తప్పించుకొనును. ఇది శాస్త్రజ్ఞుల తర్కము. తర్కములో తప్పు లేదు. కాని మా వైపునకు నైఋతి వానలతోపాటు ఈశాన్య ఋతుపవనపు వానలు కూడ కలవు. జూను చివరనో, జూలైలోనో విత్తిన పైరు అక్టోబరులో పండును. సరిగా అప్పుడే వాన. గుత్తిరకపు గింజకు నిద్ర లేదు. అనగా, పండిన గింజ కొంతకాలము మొలకెత్తక ఆగియుండు గుణము - దీనిని సుప్తావస్థ యందురు - దానికి లేదు. పండిన కాయ తడినేలలో కొన్ని దినములున్న చాలును, నేలలోనే మొలకెత్తును. పీకి కుప్ప వేసినచో బూజు పట్టును. ఆ బూజులలో కొన్ని అఫ్లాటాక్సిను అను విషమును పుట్టించును. బెట్టను తప్పించుకొన్న పంట కళ్ళములో పాడయినది. తప్పు రకముదా, కళ్ళముదా అని ఆనాడు ఎవరును అడుగలేదు. ఇంకొక రకము కొరకు వెదకిరి.

ఈ కథను మనసునందుంచుకొని ప్రత్తి వైపు పోవుదము. తెలంగాణలో సుమారు 45 లక్షల ఎకరములలో ప్రత్తి పండుచున్నది. ఆంధ్రప్రదేశములో కర్నూలు, పల్నాడు, గుంటూరు, ప్రకాశము వైపులు ప్రత్తికి పేరుపొందినవి. ఆదోని మార్కెట్టు అందరెరిగినదే. మన దేశపు ప్రత్తిలో మూడింట రెండు పాళ్లు వర్షాధారము. కాబట్టి వాన నడక మారినప్పుడు ప్రత్తి రైతుకు తగిలినంత దెబ్బ మరెవ్వరికిని తగులదనుట అతిశయోక్తి కాదు. ఒక ఏటి వానను చూచి శీతోష్ణస్థితి మారినదని చెప్పుట శాస్త్రము కాదు, అది నిజము. కాని గాలి ఒక డిగ్రీ సెంటీగ్రేడు వేడెక్కినచో సుమారు నూటికి ఏడు పాళ్లు ఎక్కువ నీటియావిరిని పట్టుకొనగలదనునది భౌతిక శాస్త్రము. ఆ ఆవిరి వానగా మారునప్పుడు పెద్దవాన యగును. వానకు వానకు నడుమ ఎడము పెరుగును. 2023 ఆగస్టు మాసము, 1901 నుండి లెక్కలున్నంతవరకు, దేశమునకంతటికిని మిక్కిలి పొడి ఆగస్టు. అది ప్రత్తికి పూత, గూడ పట్టు కాలము. 2025 అక్టోబరు 28వ తేదీన మొంథా తుపాను ఆంధ్ర తీరమును తాకినది. మరునాడు వరంగల్లు, హనుమకొండ ప్రాంతములలో కుండపోతగా కురిసినది. అది ప్రత్తి పగులు కాలము. ఈ రెండు దినుసుల ఆపదలను పాఠకులు గుర్తుంచుకొనవలెను: మధ్యలో బెట్ట, చివర తడి.

మొదటిదానికి మందు ఏమని మన శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు? తక్కువ కాలపు ప్రత్తి, దగ్గరగా విత్తుట. కేంద్ర ప్రభుత్వము 2023-24లో నాగపూరులోని కేంద్రీయ ప్రత్తి పరిశోధన సంస్థ ద్వారా ఎనిమిది రాష్ట్రములలో ఇందుకొరకు ఒక ప్రత్యేక పథకమును ప్రారంభించినది. దీనిని నేను మెచ్చుకొనుచున్నాను. ఏలననగా ఇందులో నేలను చూచి పైరును చెప్పు వివేకము కలదు. లోతైన నల్లరేగడి తన పొరలలో నీటిని దాచుకొని అక్టోబరు, నవంబరు మాసములలో మొక్కకు కొంచెము కొంచెముగా ఇచ్చును. చల్కనేల అట్లు కాదు. అది చిల్లుల సంచి వంటిది. నూటఅరువది, నూటఎనుబది దినముల సంకరజాతి ప్రత్తిని చల్కలో వేసినచో, వానలు వెనుకకు మరలిన పిమ్మట కాయలు ఊరవలసిన సమయమునకు వేళ్ళకు నీరుండదు. మొక్క కాయలను రాల్చివేయును, లేదా గిడసబార్చును. బి.టి. విత్తనము 2002లో అనుమతింపబడిన పిమ్మట ప్రత్తి చల్కల మీదికి ఎక్కువగా ఎగబ్రాకినది. ఆ విత్తనము పురుగును చూచినది గాని నేలను చూడలేదు. తుదకు గులాబిరంగు కాయపురుగు ఆ విషమునకు కూడ అలవాటుపడినది; పైరు ఎంత ఎక్కువ కాలము నిలిచిన ఆ పురుగునకు అంత విందు.

కావున పొట్టి మొక్క, తక్కువ కాలము. లెక్క చూతము. వరుసకు వరుసకు 90, మొక్కకు మొక్కకు 60 సెంటీమీటర్లు విడిచినచో ఎకరమునకు సుమారు 7,500 మొక్కలు. మొక్కల నడుమ 15 సెంటీమీటర్లే విడిచినచో సుమారు 30,000. మొక్కకు ఎనిమిది కాయలు, కాయకు నాలుగు గ్రాముల ప్రత్తి వచ్చినను ఎకరమునకు తొమ్మిదిన్నర క్వింటాళ్లు. కాయలన్నియు మొక్క మొదటనే పట్టి ఇంచుమించు ఒకేసారి పండును. నూటనలువది, నూటఏబది దినములలో చేను ఖాళీ యగును. చివరి బెట్టయు లేదు, చివరి పురుగును లేదు. ఇంతవరకు బాగున్నది.

ఇక చిక్కులు. విత్తనపు చిక్కును క్లుప్తముగా చెప్పెదను. మన దేశములో ప్రత్తి ఇంచుమించు అంతయు సంకరజాతి. 1970లో సూరతులో హెచ్-4 వెలువడినది మొదలు మనము ఆ దారి పట్టితిమి. బ్రెజిల్, ఆస్ట్రేలియా వంటి దేశములు సూటిరకములనే సాగు చేయుచున్నవి. నూరు గింజల బరువు ఎనిమిది గ్రాములనుకొన్నచో 475 గ్రాముల పొట్లములో ఆరువేలకు లోపు గింజలుండును. ముప్పదివేల మొక్కలకు ఐదు పొట్లములు. 2025లో పొట్లపు గరిష్ఠ ధర 901 రూపాయలు, ఐదింటికి 4,505. తన చేని గింజను దాచుకొని మరుసటి ఏడు విత్తుటకు వీలయిన సూటిరకమైనచో ఈ భారముండదు. నంద్యాల నుండి వచ్చిన నరసింహ అట్టి సూటిరకమే, ఒకప్పుడు రైతులు మెచ్చినదే. దగ్గరగా విత్తు పద్ధతియు, సంకర విత్తనపు వ్యాపారమును ఒక ఒరలో ఇముడవు. పథకమును వ్రాసినవారికి ఇది తెలియదని నేననుకొనను.

రెండవ చిక్కు ఇంతకన్న పెద్దది. దానిని గురించి మాటాడువారు తక్కువ. జూను 25న విత్తిన ప్రత్తి యాబదిఐదు, అరువది దినములకు పూయును. పూవు పగిలిన కాయ యగుటకు మరియొక నలువదిఐదు, ఏబది దినములు. అనగా మొదటి పగులు అక్టోబరు నడుమ. పొట్టిరకము నవంబరు మూడవ వారమునకు ముగియును. మన తుపానుల కాలమును ఈ కాలము ప్రక్కన పెట్టి చూడుడు! పాత సంకరజాతి ప్రత్తి అక్టోబరు మొదలు జనవరి దాక నాలుగు విడతలుగా పగులును. అక్టోబరు చివర వాన పడినచో ఒక విడత పోవును. తక్కినది పచ్చికాయలో భద్రముగా నుండును. పొట్టిరకము ఒకేసారి పగులును గనుక అదే వానకు పంటలో పెద్ద పాలు తడియును. బెట్ట నుండి తప్పించిన విద్యయే పంటను తడిలోనికి తోసినది. కలకడ వేరుసెనగ కథ ఇదే గదా! పొట్టిరకము వలదని నా వాదము కాదు. దాని వెంట ఆరబెట్టు ఏర్పాటు రాకపోయినచో అది సగము మందు మాత్రమే.

తడిసిన ప్రత్తికి ఏమి జరుగునో శాస్త్రరీత్యా తెలిసికొందము. దూది ఇంచుమించు అంతయు సెల్యులోజు. సెల్యులోజునకు నీరన్న ఇష్టము. గాలిలో తేమ ఎంత యున్నదో దానికి తగినంత నీటిని అది పీల్చుకొనును, గాలి పొడిబారినచో విడుచును. సాధారణపు గాలిలో ఇది నూటికి ఏడెనిమిది పాళ్లుండును. తుపాను వెలిసిన పిమ్మట వారము దినములు గాలిలో తేమ తొంబది పాళ్లున్నప్పుడు, వాన చినుకు తగులని ప్రత్తియు పండ్రెండు పాళ్లు దాటుట సహజము. తడి ప్రత్తిని రాశి పోసినచో లోపలి గింజ ఊపిరి విడుచుట ఎక్కువై వేడి పుట్టును; గింజ నూనె చెడును, దూది పసుపుబారును, జిన్నింగు రోలరుకు పింజ చుట్టుకొనును. కావున తేమకు ఒక హద్దు పెట్టుట మూర్ఖత్వము కాదు.

భారత ప్రత్తి సంస్థ కొనుగోలు నియమము ఇది: ఎనిమిది పాళ్ల తేమకు పూర్తి మద్దతు ధర, అక్కడినుండి ఒక్కొక్క పాలునకు ధరలో ఒక్కొక్క పాలు తగ్గింపు, పండ్రెండు దాటినచో కొనరు. 2025-26లో పొడుగుపింజ ప్రత్తి ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. పండ్రెండు పాళ్ల తేమకు 7,785 రూపాయల 60 పైసలు. తగ్గింపు న్యాయమైనదే. నాలుగు పాళ్లు నీరు ఎక్కువ తూగినది. నాలుగు పాళ్ల ధర తగ్గినది. ఇందులో రైతు మోసపోలేదు, సంస్థ మోసపోలేదు. అన్యాయము మెట్లలో లేదు, పండ్రెండవ మెట్టు తరువాత మెట్లే లేకపోవుటలో నున్నది. పదమూడవ పాలు వద్ద ప్రత్తి ఒక్కసారిగా విలువ లేనిదైనట్లు, రైతు దానిని బండి మీదనే ఉంచుకొని దళారి వద్దకు పోవలెను. అతడు ఆ ప్రత్తిని కొని, ఆరబోసి, అమ్మునే గాని పారవేయడు! ఆరబెట్టుటకు ఎంత ఖర్చగునో అంత తగ్గించి పదునారు పాళ్ల దాక మెట్లు కట్టిన నేమి? 2025 అక్టోబరు వానల పిమ్మట తేమ హద్దును సడలింపుమని విజ్ఞప్తులు వెళ్ళినవి. సడలింపు ఒక్కటే చాలదు. తడి ప్రత్తిని తీసికొన్నవాడు దానిని ఆరబెట్టవలెను. ఆరబెట్టు యంత్రము లేనిచో అది వాని గిడ్డంగిలో చెడును.

ఆ యంత్రము కొత్తది కాదు. అమెరికాలోని జిన్నింగు మిల్లులలో ప్రత్తిని వేడిగాలి గోపురముల గుండ పంపి ఆరబెట్టుట చిరకాలముగా ఉన్న అలవాటు. గాలి వేడిమి 177 డిగ్రీల సెంటీగ్రేడు దాటరాదనియు, మితిమీరి ఆరిన పింజ పెళుసై విరుగుననియు అక్కడివారు కట్టుబాట్లు కూడ ఏర్పరచుకొన్నారు. మన మిల్లులలో ఎక్కువభాగము రోలరు జిన్నులు. పింజకు అవి మెత్తనివే గాని వానికి ముందు ఆరబెట్టు గోపురముండుట అరుదు. మన గోపురము రైతు ఇంటి ముంగిలి. ఆడవారు ప్రత్తిని పరచి, తిరుగవేసి, మబ్బు పట్టినప్పుడు పట్టాలు కప్పి, మరల పరచుచుందురు. ఈ కూలి ఏ లెక్కలోను లేదు. శీతోష్ణస్థితికి అనుగుణముగా సేద్యము మారవలెనని వ్రాయువారు ఒక్కమారు ఆ ముంగిట నిలువబడవలెను. గొలుసులోని తక్కిన కడియములు - విత్తన కంపెనీ, కొనుగోలు కేంద్రము, జిన్నింగు మిల్లు, నూలు మిల్లు - ఉన్నచోటనే యున్నవి. మారుమని చెప్పబడుచున్నవాడు రైతు ఒక్కడే.

2025లో కొనుగోలుకు కపాస్ కిసాన్ అను చేతిఫోను యాప్ ప్రవేశపెట్టబడినది. రైతు ముందుగా దినమును ఎంచుకొని ఆనాడు ప్రత్తిని తేవలెను. వరుసలలో పడిగాపులు తప్పించుటకు మంచి ఉపాయమే. కాని పది దినముల ముందు ఎంచుకొన్న నాడు ఆకాశము పొడిగా నుండుననుటకు యాప్ పూచీ పడదు గదా. ఆ యేడే తెలంగాణలో ఎకరమునకు ఏడు క్వింటాళ్లకు మించి కొనబోమన్న పరిమితి పెద్ద ఆందోళనకు కారణమయినది. పైన మనము వేసిన తొమ్మిదిన్నర క్వింటాళ్ల లెక్కను పాఠకులు మరల చూడగోరెదను. ఒక కార్యాలయము దగ్గరగా విత్తి దిగుబడి పెంచుమనుచున్నది. మరియొక కార్యాలయము పెరిగిన దిగుబడిని కొననన్నది. నూలు మిల్లుల మాటకు వచ్చినచో, వారికి ఒక తలుపు తెరచి యుంచిరి: దిగుమతి ప్రత్తిపై నున్న 11 శాతము సుంకమును 2025 ఆగస్టు 19 నుండి ఆ సంవత్సరాంతము వరకు ఎత్తివేసిరి. మిల్లులకు అది అవసరమే కావచ్చును. ఇక్కడి ప్రత్తి తడిసినచో మిల్లు వేరొక దేశపు ప్రత్తిని చూచుకొనును. రైతుకు అట్టి రెండవ తలుపు లేదు.

2025 ఫిబ్రవరి 1వ తేదీ బడ్జెటులో ఐదేండ్ల ప్రత్తి ఉత్పాదకత ఉద్యమము ప్రకటింపబడినది. అతిపొడుగు పింజ రకములను ప్రోత్సహించుట దాని లక్ష్యములలో ముఖ్యమైనది. మిల్లులకు ఆ ప్రత్తి కావలెను, దిగుమతి చేసికొనుచున్నారు. కావున పండించుట మంచిదే. నీరు పారు లోతైన నేలలో పండింపవచ్చును. అయితే అతిపొడుగు పింజ సాధారణముగా ఎక్కువ కాలపు పైరు, నీటి ఆసరా కోరు పైరు. ఒక ప్రక్క తక్కువ కాలపు ప్రత్తి, మరియొక ప్రక్క ఎక్కువ కాలపు ప్రత్తి - రెంటిని ఒకే ఉద్యమపు జెండా క్రింద నిలిపి చల్కరైతును ఎటు పొమ్మందురు? పింజ పొడుగు మిల్లు కోరిక. దానిని శీతోష్ణస్థితికి మందు అనరాదు.

పింజ ప్రస్తావన వచ్చినది గనుక నాటుప్రత్తిని గురించి రెండు మాటలు. స్వాతంత్ర్యము నాటికి మన ప్రత్తిలో చాల పెద్దభాగము దేశవాళీ జాతులదే. నేడు అమెరికను జాతి సంకరములు తొంబది పాళ్లకు మించినవి. నాటుప్రత్తి వేరు లోతుగా పోవును, బెట్టకు ఓర్చును, పచ్చదోమకు తట్టుకొనును, ఆకుముడుత వైరసు దానిని అంటదు. కాయ చిన్నది, పింజ పొట్టి - ఇవి దాని నేరములు. పొట్టి అనునది ఎవరి కొలతకు? శ్రీకాకుళము జిల్లా పొందూరులో కొండప్రత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి నూరవ నంబరు సన్ననూలు చేతితో వడికినవారున్నారు. వ్రేళ్ళకు పొట్టి కానిది కదురుల మిల్లుకు పొట్టి అయినది. అట్లని రాట్నముతో దేశమున కంతటికి బట్ట కట్టవచ్చునని నేను వాదింపను. తెలంగాణలో మల్ఖా అను ప్రయత్నము మధ్యేమార్గమొకటి చూపినది: ప్రత్తి పండుచోటనే చిన్న యంత్రములతో, దూదిని బేళ్లుగా బిగించి మరల విడదీయు పని లేకుండ నూలు తీసి, చేమగ్గములకు ఇచ్చుట. రాశిలో అది సముద్రమునకు చెంబెడు నీరు. కాని గొలుసును పంటకు అనుగుణముగా మార్చుట సాధ్యమేనని చూపినది. నంద్యాల వారు యాగంటి వంటి దేశవాళీ రకములను విడుదల చేసియున్నారు. కొనుగోలు కేంద్రములో పొట్టిపింజకు గౌరవమైన ధర లేనంతకాలము ఆ రకములు పరిశోధన నివేదికలలోనే పూయును.

ఆరబెట్టు గోపురములకు వంటచెరకు ఎక్కడిదని ఒక ఇంజనీరు మిత్రుడు నన్ను అడిగెను. మంచి ప్రశ్న. ప్రత్తికట్టెను మనవారు చేలలోనే తగులబెట్టుచున్నారు. దానిని నరికి, నొక్కి ఇటుకలుగా చేసి బాయిలర్లలో వాడుట ఇప్పటికే కలదు. అయితే కట్టె జనవరి, ఫిబ్రవరులలో దొరకును. వేడిగాలి అక్టోబరు, నవంబరులలో కావలెను. ఎనిమిది మాసములు నిలువ చేయవలెను. పచ్చికట్టెను అట్లే కుప్ప వేసినచో ఎండుకాయలలో దాగిన గులాబిపురుగు కుప్పలోనే బ్రతికి మరుసటి పైరు మీదికి వచ్చును. కావున పీకిన వెంటనే నరికి పొట్టు చేయవలెను, అందుకు యంత్రము ఊరికి రావలెను. తక్కువ కాలపు ప్రత్తియైనచో కట్టె నవంబరు చివరనే చేతికి వచ్చును, పురుగు కూడ తక్కువ. ఆ మేరకు పొట్టిరకము ఇక్కడను మేలే చేయును. ఒక జిన్నింగు మిల్లునకు చుట్టుపట్ల ఎన్ని ఎకరముల కట్టె చాలునో, తేమ పాలునకు ఎంత కట్టె ఖర్చగునో లెక్క కట్టి చూపుట నంద్యాలకును, నాగపూరునకును కష్టము కాదు. ఆ లెక్క వచ్చినచో పదమూడవ మెట్టునకు ధర ఎంత యనునది కూడ దానిలోనుండియే తేలును.